లిఫ్ట్ చేసిన పాత థార్: అరిగిన సస్పెన్షన్‌కి ఏ పార్ట్‌లు వెయ్యాలి?

గోదారి_థార్ (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నాది 2016 మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (డీజిల్ జీపు), సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. లిఫ్ట్, అంటే బండి ఎత్తు పెంచడం, పాత ఓనరే చేయించాడు. కిట్ అంటూ ఏమీ లేదు. ముందు టోర్షన్ బార్‌లు (స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) బిగించి లేపాడు, వెనక పొడుగు షాకిల్స్ (కమాన్ పట్టీల కొసని చాసీకి కలిపే లింకులు) వేయించాడు. స్టీల్ బంపరు, వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) ఉన్నాయి. టైర్లు 245/75 ఆర్16. చూడ్డానికి బండి బ్రహ్మాండంగా ఉంటుంది, నడిపేవాడికే నరకం.

ముందు చక్రం గుంతలోకి దిగినప్పుడల్లా ఇనుము ఇనుముకి కొట్టుకున్నట్టు టంగుమంటుంది. ఎడమ పక్క సీవీ బూట్ (ఇరుసు కీలు మీదుండే రబ్బరు తొడుగు) చిరిగి గ్రీజంతా రిమ్ లోపలికి చిమ్మింది. వెనక షాకబ్జర్లు రెండూ నూనె కారుతున్నాయి. 80 దాటితే స్టీరింగ్ తేలిపోతుంది. రెండో గేర్‌లో గట్టిగా లాగితే సీటు కింద వణుకు.

రోజూ ఊళ్లోనే తిరుగుడు. అప్పుడప్పుడు ఇంట్లోవాళ్లతో మారేడుమిల్లి, వానలు తగ్గాక గుడిసె కొండ. వెనక ఎదురెదురు సీట్లలో అమ్మా పిల్లలూ కూర్చుంటారు. లక్ష లోపు పెట్టగలను. మూడంగుళాల లిఫ్ట్ అలాగే ఉంచి మంచి షాకబ్జర్లు, లావు టోర్షన్ బార్‌లు వేద్దామని ఆలోచన. ఏ కంపెనీవి తీసుకోమంటారు?

లుక్_ముఖ్యం (హైదరాబాద్)

బ్రో ఫుల్ కిట్ కొట్టెయ్. మూడించులుంటేనే అది థార్. కిందికి దించితే బొలేరోలా ఉంటది 😂

కమాన్‌కట్ట (విజయవాడ, ఆటోనగర్)

తమ్ముడూ, కంపెనీ పేరు ఆఖర్న చూద్దాం. ముందు టేపు పట్టుకుని బండి కిందికి దూరు.

ఒకటి, ప్రతి చక్రానికీ హబ్ నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా ఎంతుందో రాయి. నేల నుంచి కొలవొద్దు. టైరు మారిందిగా, ఆ లెక్క పనికిరాదు. రెండు, బండి నేల మీద మామూలుగా నిలబడి ఉండగా ముందు పై ఆర్మ్‌కీ (చక్రాన్ని చాసీకి పట్టి ఉంచే రెండు ఆర్మ్‌ల్లో పైదానికీ) దాని కింద చాసీకుండే రబ్బరు స్టాపర్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడు. మూడు, బండిని జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. పక్కన ఇంకొకళ్లని కూర్చోబెట్టి బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రానికి కలిపే కీలు) దగ్గర కదలిక ఏమైనా ఉందేమో చూడమను. స్టాండు పెట్టకుండా మాత్రం కిందికి దూరకు.

పాత_జిప్సీ (విశాఖ)

బాబాయ్ చెప్పినట్టు కొలిచి రా, తర్వాత మాట్లాడుకుందాం. ఈ ఫోరంలో సగం దారాలు (థ్రెడ్‌లు) కొలతల్లేకనే పదిహేను పేజీలు నడుస్తాయి.

గోదారి_థార్

కొలిచాను. ముందు ఎడమ, కుడికన్నా 18 మి.మీ. కింద ఉంది. వెనక రెండు పక్కలా ఒకటే. పై ఆర్మ్‌కీ స్టాపర్‌కీ మధ్య కుడి పక్క చిటికెన వేలు కూడా దూరలేదు, దాదాపు ఆనుకునే ఉంది. ఎడమ పక్క వేలు దూరింది. ఎడమ కింది బాల్ జాయింట్ కళ్లకి కనపడేలా కదులుతోంది. పై బాల్ జాయింట్ల రబ్బర్లు రెండు పక్కలా పగిలాయి.

కమాన్‌కట్ట

నీ టంగుమనే చప్పుడు ఆ స్టాపర్ దగ్గరే పుడుతోంది. కొంత బాల్ జాయింట్‌ది కూడా ఉంటుంది.

టోర్షన్ బార్ అంటే ఒక ఉక్కు కడ్డీ. ఒక కొస చాసీకి కట్టేసి ఉంటుంది, రెండో కొస కింది ఆర్మ్‌కి. చక్రం పైకి లేస్తే కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలిపడి మళ్లీ వెనక్కి తిరుగుతుంది. చివర్న ఉన్న బోల్టు బిగిస్తే కడ్డీ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు, మెకానిక్కులతో సహా. కడ్డీ గట్టిదనం దాని లావులోనూ పొడవులోనూ ఉంటుంది, బోల్టులో కాదు. బోల్టు చేసేదల్లా ఆర్మ్‌ని కిందికి నెట్టి బండిని పైకి లేపడమే. చక్రం కదలగలిగే మొత్తం దూరం మాత్రం పెరగదు. ఇంతకుముందు పైకి కొంతా కిందికి కొంతా ఉండేది. ఇప్పుడు కిందికి ఏమీ మిగల్లేదు. గుంత వస్తే చక్రం దిగాలి కదా, దిగడానికి చోటు లేక ఆర్మ్ పోయి స్టాపర్‌ని గుద్దుతోంది. బండి గట్టిగా ఉందనిపించేది అందుకే.

అంచేత ఇప్పుడు లక్ష పెట్టి షాకబ్జర్లు కొన్నా అవీ ఎక్కువ కాలం ఉండవు. ముందు ఎత్తు తగ్గించు. స్టాక్ ఎత్తుకి, అంటే కంపెనీ ఇచ్చినదానికి, పైన ఒకటీ ఒకటిన్నర అంగుళం మించకుండా పెట్టు. చక్రానికి ఉన్న మొత్తం కదలికలో మూడో వంతైనా కిందికి మిగలాలి.

లుక్_ముఖ్యం

నేను చెప్పింది జోక్ బాబాయ్, అంత సీరియస్ ఐతే ఎట్ల

వికారాబాద్_బురద (హైదరాబాద్)

గోదారన్నా, అందరు కలిసి నిన్ను భయపెడుతున్నరు. నాది గూడ సీఆర్‌డీఈనే, ముందట మూడించులకు దగ్గర్నే ఉన్నది. అనంతగిరి దిక్కు బురదల ఆరామ్‌గ పోతున్న. కథ ఏందంటే, బార్ బిగించి ఊకుంటే కాదు. లిఫ్ట్‌కు తగ్గ పై ఆర్మ్‌లు దొరుకుతయ్, వాటికి బాల్ జాయింట్ కోణం మార్చి ఉంటది, స్టాపర్‌కు తగలకుండ ఉంటది. ముందట డిఫరెన్షియల్‌ను (ఇరుసులను తిప్పే గేర్ల డబ్బాను) స్పేసర్లేసి కొంచెం కిందికి దించితే సీవీ కోణం గూడ సక్కగైతది. గివి చేసినంక షాకబ్జర్లు పొడుగువి ఏసుకో. మూడించులు మూడించులే ఉంటది.

కమాన్‌కట్ట

వికారాబాద్ తమ్ముడు అబద్ధం చెప్పలేదు. అలా చెయ్యొచ్చు. కానీ తన వాడకం వేరు, ఈ అబ్బాయి వాడకం వేరు.

పై ఆర్మ్ మారిస్తే స్టాపర్ గొడవ తీరుతుంది. సీవీ జాయింట్ పరిస్థితి? చక్రం కిందికి దిగేకొద్దీ ఇరుసు ఏటవాలవుతుంది, బూట్ మడతలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఎడమ బూట్ చిరిగింది అందుకే. డిఫరెన్షియల్ దించితే ఇరుసు కోణం తగ్గుతుంది, నిజమే. కానీ లిఫ్ట్ చేసిందే కింద ఖాళీ కోసం! ఈ బండికి ముందు డిఫరెన్షియల్ చాసీకే బిగించి ఉంటుంది కాబట్టి లిఫ్ట్‌తో పాటు అదీ లేస్తుంది. లేపినదాన్ని మళ్లీ దించుకోవడం దేనికి?

ఇక వెనక. వెనక యాక్సిల్ ఒకే ముక్క. దాని కింద ఖాళీ టైరు సైజును బట్టే గానీ లిఫ్ట్‌ని బట్టి మారదు. స్టాక్ 235/70 ఆర్16 అంటే సుమారు 735 మి.మీ. వ్యాసం. 245/75 ఆర్16 అయితే 774. అందులో సగం, అంటే 19 మి.మీ. యాక్సిల్ కింద పెరిగింది. వెనక షాకిల్స్ ఎంత పొడుగువి వేసినా ఆ 19 కాస్తా 20 కాదు.

పాత_జిప్సీ

ఆ టైరుతో స్పీడోమీటర్ కూడా అయిదు శాతం తక్కువ చూపిస్తుంది. మీటర్లో 80 అంటే నువ్వు 84లో ఉన్నావు. స్టీరింగ్ తేలుతోందన్న స్పీడు కూడా అలాగే చదువుకో.

సీమ_జిమ్నీ (కడప)

నాకూ స్టీరింగ్ ఇట్లే తేలేది అన్నా, రెండంగుళాల స్ప్రింగులు వేయించినాక. ముందర ప్యానార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరక్కుండా పట్టే కడ్డీ) సర్దినాము, ఆర్మ్‌లకి క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు) సరిచేసే బుష్‌లు ఏసినాము, సరిపోయింది. నువ్వు కూడా అవే చూడు.

పాత_జిప్సీ

నీ జిమ్నీకి ముందూ వెనకా ఒకే ముక్క యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు. లేపితే ప్యానార్డ్ రాడ్ యాక్సిల్‌ని ఒక పక్కకి లాగేస్తుంది. యాక్సిల్ కూడా కాస్త తిరుగుతుంది కాబట్టి క్యాస్టర్ తగ్గుతుంది. పాత థార్‌కి ముందు విడివిడి ఆర్మ్‌లు, ప్యానార్డ్ రాడ్ అనేదే లేదు. కొత్త థార్, 2020లో వచ్చింది, దాని సంగతి ఇంకోటి: ముందు విడి ఆర్మ్‌లే కానీ కాయిల్ స్ప్రింగులు, వెనక మల్టీలింక్‌తో కాయిల్స్. ఈ మూడింటికీ ఒకరి కిట్ ఇంకొకరికి నప్పదు. పేరు థార్ అని ఉందని ఆన్‌లైన్‌లో కొనేసి తర్వాత ఇక్కడికొచ్చి అమ్ముకుంటారు చాలామంది.

క్యాస్టర్ పోయిందన్న మాట మాత్రం ఇక్కడా వర్తిస్తుంది. టోర్షన్ బార్ బిగించి లేపినప్పుడు క్యాంబరు, క్యాస్టరు, టో మూడూ, అంటే చక్రాలు నిలబడే కోణాలన్నీ మారతాయి. టై రాడ్‌లు ఏటవాలవుతాయి కాబట్టి గుంత మీద ఎగిరినప్పుడల్లా చక్రాలు వాటంతటవే కాస్త తిరుగుతాయి. ఇంకా బాల్ జాయింట్ వదులు. స్టీరింగ్ తేలకపోతేనే ఆశ్చర్యం.

సీమ_జిమ్నీ

సరే అన్నా, అర్థమైంది. నా జిప్సీ పిచ్చి కూడా మీ పోస్టులు చదివే మొదలైంది, ఎక్కడన్నా మంచిదుంటే చెప్పండి 🙂

పాత_జిప్సీ

దానికి వేరే దారం తెరువు. స్ప్రింగులు యాక్సిల్ పైకి మార్చితే ఐదంగుళాల దాకా లేస్తుంది, ఆ తర్వాత స్టీరింగ్ లింకులు, బ్రేక్ పైపులు, ప్రొపెల్లర్ అన్నీ మార్చాలి. ఇక్కడ మొదలెడితే గోదారి తమ్ముడి బండి షెడ్డులోనే ఉండిపోతుంది.

లారీ_ఓనరు (తాడేపల్లిగూడెం)

నేను జీపు మనిషిని కాదు, లారీలు తిప్పుతాను. ఒక్కటి అడుగుతా. బండి ఎంత బరువుందో చూశారా? కమాన్ కట్ట (ఉక్కు పట్టీల స్ప్రింగు) వేయించేవాడు మొదట లోడెంత అని అడుగుతాడు. మీరంతా ఎన్ని అంగుళాలు అని అడుగుతున్నారు.

దగ్గర్లో వే బ్రిడ్జికి పోండి. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి తూయించండి, తర్వాత మొత్తం బండి. తీసేస్తే వెనక యాక్సిల్ బరువు వస్తుంది. మా ఊళ్లో అయితే టీ డబ్బులంత తీసుకుంటారు.

పెర్త్_తెలుగోడు (ఆస్ట్రేలియా)

లారీ ఓనరు గారు చెప్పింది ఇక్కడి షాపుల వాళ్ల పద్ధతే. ఇక్కడ స్ప్రింగులు అంగుళాల లెక్కన అడగరు. బండికి ఎప్పుడూ ఉండే అదనపు బరువెంత అని అడుగుతారు. బుల్‌బార్ (ముందు బిగించే ఇనప గార్డు) లేనిదానికి ఒక స్ప్రింగు, బుల్‌బార్ ఉన్నదానికి ఒకటి, బుల్‌బార్‌తో పాటు వించి కూడా ఉన్నదానికి ఇంకొకటి. ఓల్డ్ మ్యాన్ ఈము లాంటి కంపెనీల కేటలాగుల్లో ఆ వరసలోనే ఉంటాయి. ఎత్తు దానంతటదే వస్తుంది. బరువు లేని బండికి బరువు స్ప్రింగు వేస్తే ఎత్తుగా కనిపిస్తుంది, గుంతలో రాయిలా కొడుతుంది.

ఇంకో లెక్క. బంపరు, వించి ముందు యాక్సిల్‌కన్నా ముందుకు వేలాడతాయి. రెండూ కలిపి 85 కిలోలు అనుకుందాం, ఆ బరువు యాక్సిల్‌కి 70 సెం.మీ. ముందుంది అనుకుందాం. సీఆర్‌డీఈ వీల్‌బేస్ (ముందు వెనక యాక్సిల్‌ల మధ్య దూరం) 2,430 మి.మీ. అప్పుడు ముందు యాక్సిల్ మీద పడేది 85 కాదు, దాదాపు 110 కిలోలు. ఆ పై పాతిక వెనక నుంచి లాక్కున్నదే. అంటే ముందు కుంగుతుంది, వెనక లేస్తుంది. పాత ఓనరు బార్‌లు అంతంత బిగించడానికి ఇదీ ఒక కారణం అయ్యుంటుంది.

వించికి స్టీల్ రోప్ ఉంటే తీసి సింథటిక్ రోప్ వెయ్యి. ఏడెనిమిది కిలోలు అక్కడే తగ్గుతాయి. తెగినప్పుడు దెబ్బ కూడా తక్కువ.

గోదారి_థార్

తూయించాను. డీజిల్ ఫుల్, నేను సీట్లో ఉన్నాను. ముందు 1,040, మొత్తం 1,910. అంటే వెనక 870. స్టీల్ రోపే ఉంది, మారుస్తాను.

ఇప్పుడు లావు టోర్షన్ బార్‌లు వేస్తే ఎత్తు తగ్గకుండా ఈ బరువు మోస్తాయి కదా? అదే నా అసలు అనుమానం.

కమాన్‌కట్ట

మోస్తాయి. కానీ లావు ఎంత పెంచితే గట్టిదనం ఎంత పెరుగుతుందో తెలుసుకుని కొను. కడ్డీ గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పది శాతం లావైతే 46 శాతం గట్టిపడుతుంది. కాయిల్ స్ప్రింగు తీగకీ అదే లెక్క. కమాన్ పట్టీకి మందం మూడో ఘాతం: 7 మి.మీ. పట్టీ బదులు 8 వేస్తే అదే పొడవూ వెడల్పూ ఉన్నప్పుడు దగ్గర దగ్గర ఒకటిన్నర రెట్లు. ఒక్క మిల్లీమీటరే కదా అని కొట్టువాడు అంటాడు, నమ్మొద్దు.

నీకు ముందు పెరిగిన బరువు నూట పది కిలోలు, యాక్సిల్ బరువులో పది పన్నెండు శాతం. దానికి 46 శాతం గట్టి బార్ ఎందుకు? మంచి స్థితిలో ఉన్న స్టాక్ బార్‌లతో ఒకటిన్నర అంగుళం లోపు పెట్టుకుంటే సరిపోతుంది. కొత్తవి వేసినా పాతవే ఉంచినా ఒక జాగ్రత్త: ఎడమది ఎడమకే, కుడిది కుడికే. ఏ పక్కకి మెలిపడాలో ఆ పక్కకే తయారుచేసి ఉంటాయి. తిరగేసి బిగిస్తే విరిగే ప్రమాదం ఉంది. విప్పేముందు చాక్‌పీసుతో గుర్తు పెట్టమను.

ఎడమ పక్క 18 మి.మీ. తక్కువ అన్నావు. రెండు బోల్టులూ పూర్తిగా వదులు చేసి, రెండు పక్కలా ఒకే ఎత్తుకి తెచ్చి చూడు. ఎడమ బోల్టు కుడిదానికన్నా బాగా ఎక్కువ బిగించాల్సి వస్తే ఆ బార్ అలిసిపోయిందన్నమాట. అప్పుడు జతగా మార్చు, ఒక్కటి మార్చకు.

వికారాబాద్_బురద

బాబాయ్, లెక్క మంచిగనే ఉన్నది. గని ఒక్క మాట. ఒకటిన్నర ఇంచుకు దించితే ఈ 245 టైరు ఫుల్ లాక్ కొట్టినపుడు మడ్‌గార్డ్‌కు రాస్తది. అది గూడ చెప్పాలె గద.

కమాన్‌కట్ట

మంచి మాట. రాసే చోటు చూసి లోపలి ప్లాస్టిక్ కాస్త కోసుకోవాలి, లేదా టైరు మార్చుకున్నప్పుడు స్టాక్ సైజుకి రావాలి. నేనైతే కోస్తాను. చక్రం పూర్తిగా లేచి, పూర్తిగా తిరిగినప్పుడు రాసుకుంటోందా లేదా అన్నది షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ మీద ఒక చక్రం ఎక్కించి చూడొచ్చు. మా సందులో అలాగే చూస్తాం.

పాత_జిప్సీ

వెనక సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. వెనక పొడుగు షాకిల్స్ తీసెయ్, చర్చ లేదు.

షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది ఒక అంగుళమే, ఎందుకంటే స్ప్రింగుకి ఒక కొసే లేస్తుంది. ఒక కొస లేవడంతో యాక్సిల్ తిరిగి పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) ముక్కు పైకి చూస్తుంది. గేర్ల నుంచి యాక్సిల్‌ని తిప్పే ఆ ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రెండు చివర్ల క్రాస్‌ల (కీళ్ల) కోణాలు సమానంగా ఉండాలి, అవి చెడిపోతాయి. నీ రెండో గేర్ వణుకు అక్కడిదే అయ్యుండొచ్చు. క్రాస్‌లు కూడా చూపించు, ఇన్నాళ్లు అలా తిరిగాక అవి బాగుంటాయన్న నమ్మకం లేదు. పొడుగు షాకిల్ పక్కకి కూడా ఊగుతుంది. ఘాట్ మలుపుల్లో బండి తోక ఆడిస్తున్నట్టు అనిపించేది దానివల్లే.

గోదారి_థార్

అవును, మారేడుమిల్లి ఘాట్‌లో సరిగ్గా అదే అనిపిస్తుంది. షాకిల్స్ తీసేస్తే వెనక కూర్చుండిపోదా? పట్టీలు ఇప్పటికే దాదాపు తిన్నగా ఉన్నాయి. ఇక్కడ ఒకతను పాత పట్టీలే వంపు తిప్పి ఇస్తానన్నాడు, మూడు వేలు.

కమాన్‌కట్ట

కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి, నూనెలో ముంచి ఇస్తాడు. టెంపరు సగం పోతుంది. నాలుగు నెలలు బాగుంటుంది, వానాకాలం వచ్చేసరికి మళ్లీ తిన్నగా పడుకుంటుంది. ఇక్కడ కమాన్ పట్టీలకి ఈఎన్45 లాంటి స్ప్రింగు ఉక్కు వాడతారు. దానికి సరైన వేడి, సరైన చల్లార్పు, మళ్లీ టెంపరింగు ఉండాలి. కొలిమి దగ్గర కంటితో చూసి చేసే పని కాదు. ప్రెస్ మీద చల్లగా వంపు పెట్టేవాళ్లు ఇంకొంచెం నయం, అయినా అలిసిన పట్టీ అలిసిందే.

కొత్త కట్ట తీసుకో. రెండు పక్కలా జతగా. పిల్లలూ అమ్మా కూర్చుంటే వెనక రెండు వందల కిలోలు వేసుకో. రోజూ కాదు కదా. అందుకని బరువు కట్ట అడక్కు, స్టాక్ కట్టకి ఒక పొడుగు పట్టీ కలిపిన మధ్యరకం అడుగు. పొట్టి పట్టీ మధ్యలో దూర్చి లేపే పద్ధతి ఉంది, అది చౌక. కానీ పొట్టి పట్టీ కొస దగ్గరే మెయిన్ పట్టీ మీద ఒత్తిడంతా పడుతుంది, విరిగేది కూడా అక్కడే. పట్టీల కొసల మధ్య ప్యాడ్‌లు ఉన్నది దొరికితే చప్పుడూ తక్కువ, రాపిడీ తక్కువ.

యూ బోల్టులు (కట్టని యాక్సిల్‌కి బిగించేవి) పాతవి మళ్లీ వాడొద్దు. ఒకసారి టార్క్‌కి బిగిస్తే అవి సాగుతాయి. కొత్తవి వేసి, 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించు.

లారీ_ఓనరు

ఆ ఆఖరి మాట బంగారం. యూ బోల్టు వదులై, సెంటర్ బోల్టు తెగి, యాక్సిల్ వెనక్కి జరిగిపోయి రోడ్డు పక్కన ఆగిన లారీలు ఎన్ని చూశానో.

పెర్త్_తెలుగోడు

ఇప్పుడు షాకబ్జర్లు. గోదారి గారు మొదట అడిగింది ఇదే, ఇప్పటికి వచ్చాం.

ఎత్తు ఖాయమయ్యాకే కొనండి. స్ప్రింగులన్నీ వేసి, వెనక యాక్సిల్ పూర్తిగా వేలాడుతున్నప్పుడు పై మౌంటుకీ కింది మౌంటుకీ దూరం కొలవండి. తర్వాత యాక్సిల్‌ని బంప్ స్టాపర్‌కి (యాక్సిల్ మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరుకి) తగిలేదాకా జాకీతో ఎత్తి, లేదా వెనక బరువు పెట్టి, మళ్లీ కొలవండి. షాకబ్జర్ పూర్తిగా మూసుకున్న పొడవు ఈ రెండో కొలత కన్నా తక్కువ ఉండి తీరాలి. లేకపోతే బంప్ స్టాపర్ తగిలేలోపు షాకబ్జరే అడుగు తగిలి లోపల వాల్వు పగులుతుంది. లిఫ్ట్ బండికి పొడుగు షాకబ్జర్ వేసి ఇదే చేస్తారు: కిందికి చాలు, పైకి చాలదు. ముందు కూడా అంతే.

ట్విన్ ట్యూబా మోనో ట్యూబా? మోనో ట్యూబ్ వేడికి బాగా తట్టుకుంటుంది, ఎందుకంటే నూనె ఉన్న గొట్టమే బయటి గొట్టం, గాలి నేరుగా తగులుతుంది. ఇక్కడి గతుకుల మట్టిరోడ్ల మీద గంటల తరబడి పోయేవాళ్లకి అది కావాలి. కానీ పిస్టన్ ఆ గొట్టం లోపలే తిరుగుతుంది కాబట్టి ఒక రాయి తగిలి సొట్ట పడితే అంతే సంగతి. ట్విన్ ట్యూబ్‌కి బయటి గొట్టం సొట్టపోయినా లోపలిది పనిచేస్తుంది. గుడిసె కొండ లాంటి రాళ్ల దారిలో మెల్లగా పోయే బండికి, వారమంతా ఊళ్లో తిరిగే బండికి, లావు బోరున్న మంచి గ్యాస్ ట్విన్ ట్యూబ్ చాలు. డబ్బు మిగులుతుంది.

ఒక్క మాట ఎక్కువ చెబుతాను. అమ్మేవాడిని 'రీబౌండ్ ఏ స్ప్రింగుకి సెట్ చేశారు?' అని అడగండి. రీబౌండ్ అంటే నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు షాకబ్జరు దాన్ని పట్టి ఆపే బలం. స్ప్రింగు గట్టిపడితే రీబౌండ్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి. తక్కువైతే బండి ఊయలూగుతుంది. ఎక్కువైతే వరస గతుకుల మీద చక్రం కిందికి దిగేలోపే ఇంకో గతుకు వచ్చి సస్పెన్షన్ మెల్లగా కుంగుతూ పోతుంది. జవాబు చెప్పలేని కొట్టులో కొనకండి.

వికారాబాద్_బురద

నేను మోనో ట్యూబ్‌నే ఏసిన, ఇప్పటిదాంక ఏం కాలే. గని పెర్త్ అన్న చెప్పింది నిజమే, కిందికెల్లి రాయి కొట్టిన గుర్తులు చూస్తె నాకే భయమైతది.

బుష్‌లు పాలీయురేథేన్‌వి తీసుకోమని షాపోడు అంటడు. కమాన్ కట్టకు రబ్బర్‌వే ఎయ్యి. పాలీ గట్టిగుంటది, గ్రీజు పెట్టకపోతె కిర్రుకిర్రుమంటది. పిల్లలున్న బండికి గది వద్దు.

కమాన్‌కట్ట

రబ్బరు బుష్‌ల బోల్టులు ఎప్పుడు బిగించాలో కూడా చెప్పండర్రా. యాక్సిల్ వేలాడుతున్నప్పుడు బిగించేస్తే, బండి నేల మీద దిగగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. అలాగే తిరిగి తిరిగి చిరుగుతుంది. అన్నీ చేత్తో పట్టేంతవరకే బిగించి, బండిని చక్రాల మీద దింపి, ముందుకీ వెనక్కీ ఒకసారి నెట్టి, అప్పుడు పానా పెట్టి ఫైనల్ బిగింపు. దగ్గరుండి చేయించుకో. సాయంత్రం ఆరు దాటితే ఏ మెకానిక్కూ ఈ ఓపిక పట్టడు.

లుక్_ముఖ్యం

సీరియస్‌గా ఒక డౌట్. ఇవన్నీ లీగలేనా? మా ఫ్రెండ్ బండిని ఆపారు.

పాత_జిప్సీ

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీం కోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అరిగిన షాకబ్జరు తీసి కొత్తది వెయ్యడం రిపేరు, దానికెవరూ ఏమనరు. మూడంగుళాల లిఫ్టూ పెద్ద టైర్లూ స్టీల్ బంపరూ కలిస్తే అడిగేవాడికి చెప్పడానికి ఏమీ ఉండదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట ఫొటోలు తీసేది అవే. బంపరుకి వేరే కేంద్ర ఆదేశం కూడా ఉంది, 2017 డిసెంబరులో బుల్‌బార్‌ల మీద రాష్ట్రాలకి రాశారు. గోదారి తమ్ముడు ఎత్తు దించడానికి ఇది ఇంకో కారణం అనుకో.

గోదారి_థార్

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. నిర్ణయించుకున్నది ఇది. ముందు ఎత్తు స్టాక్‌కి ఒకటీ పావు అంగుళం పైకి. బాల్ జాయింట్‌లు నాలుగూ కొత్తవి, ఎడమ సీవీ జాయింట్ విప్పి చూశాక బూటా మొత్తం ఇరుసా తేలుతుంది. టోర్షన్ బార్‌లు బాబాయ్ చెప్పిన బోల్టు పరీక్ష తర్వాతే. వెనక స్టాక్ షాకిల్స్, కొత్త కమాన్ కట్టలు ఒక పొడుగు పట్టీ కలిపి, కొత్త యూ బోల్టులు, రబ్బరు బుష్‌లు. ప్రొపెల్లర్ క్రాస్‌లు. షాకబ్జర్లు కట్టలు వేసి కొలిచాక గ్యాస్ ట్విన్ ట్యూబ్. సింథటిక్ రోప్. లక్షలోపే వస్తోంది, అలైన్‌మెంట్‌తో కలిపి. బంపరు సంగతి ఇంట్లో మాట్లాడాలి. అది తీసేస్తే వించి ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు.

ఇంకేమైనా మర్చిపోయానా?

వికారాబాద్_బురద

ఒకటీ పావు! సరే తమ్మీ, నీ ఇష్టం. వికారాబాద్ వస్తే నా ఎనకాల్నే రా, నీ బండి కింద ఏడ తగుల్తదో నేను చూస్త 😄

కమాన్‌కట్ట

బ్రేకులు మర్చిపోయావు. వెనక యాక్సిల్ మీంచి చాసీ మీద ఉన్న ఒక వాల్వుకి చిన్న కడ్డీ పోతుందేమో చూడు. అది లోడును బట్టి వెనక బ్రేకులకి ప్రెషర్ పంపుతుంది. వెనక లేపిన బండిలో ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది, నువ్వు ఐదుగురితో ఘాట్ దిగుతున్నా సరే. కొత్త కట్టలు పడ్డాక దాన్ని సెట్ చేయించు. వెనక రబ్బరు బ్రేక్ హోస్ కూడా, యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకోకుండా ఉందా చూడు.

అలైన్‌మెంట్ రెండుసార్లు. పని అయిన రోజు ఒకసారి, 500 కిలోమీటర్లకి యూ బోల్టులు బిగించినప్పుడు రెండోసారి. కొత్త పట్టీలు కొద్దిగా కూర్చుంటాయి, ముందు ఎత్తు కూడా మళ్లీ కొలువు.

గోదారి_థార్

కడ్డీ ఉంది బాబాయ్. పాత ఓనరు దాన్ని వైరుతో కట్టేశాడు.

కమాన్‌కట్ట

ఆదివారం వరకూ ఆగకు. రేపు ఉదయమే షెడ్డుకి తీసుకుపో, అప్పటిదాకా ఘాట్ ఎక్కకు.